బిగింపు బాగానే ఉన్నా పట్టు నిలవడం లేదెందుకు?

ప్రశ్న: నా వయసు 54 ఏళ్లు. మాది దేవరకొండ దగ్గరి పల్లె. ముగ్గురు పిల్లలు, మొదటి కాన్పు చాలా కష్టమైంది. పదేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. రెండేళ్లుగా దొడ్డికి వస్తే ఆపుకోలేకపోతున్నాను, బస్సెక్కాలంటేనే భయం. నల్లగొండలో డాక్టర్ వేలితో పరీక్షించి కండరం బాగానే బిగుసుకుంటోందన్నారు. మరి ఎందుకిలా?
– ఒక పాఠకురాలు

జవాబు: డాక్టర్ చెప్పిందీ, మీరు పడుతున్న ఇబ్బందీ రెండూ నిజమే కావచ్చు. మలద్వారం చుట్టూ రెండు కండరాలుంటాయి. లోపలిది మన ప్రమేయం లేకుండానే దాన్ని మూసి ఉంచుతుంది, బయటిది మనం కావాలని బిగించేది. వేలితో చూసినప్పుడు తెలిసేది ఆ బయటి కండరం కాసేపు ఎంత గట్టిగా బిగుసుకుందన్నదే. మీకు కావలసిందేమో మరుగుదొడ్డి చేరేదాకా అది సడలకుండా నిలవడం. నీళ్ల బిందె ఎత్తగలగడం వేరు, చంకన పెట్టుకొని ఇంటిదాకా మోయగలగడం వేరు.

బిగించిన కండరం ఎంత త్వరగా అలసి సడలుతోందో కొలవడానికి అనోరెక్టల్ మానోమెట్రీ పరీక్ష ఉపయోగపడుతుంది. మలద్వారంలో సన్నని గొట్టం ఉంచి, ఊరికే ఉన్నప్పటి ఒత్తిడినీ, బిగించినప్పటి ఒత్తిడినీ చూసి, ఆ బిగింపును దాదాపు 40 సెకన్లు పట్టి ఉంచమంటారు. ఈలోగా ఒత్తిడి ఎంత వేగంగా పడిపోతోందో గమనించి, అదే తీరున తగ్గితే కండరం పూర్తిగా అలసిపోవడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో లెక్కగడతారు. 1998లో ఈ లెక్కను వివరించిన అధ్యయనంలో ఆరోగ్యవంతులకు సగటున 3.3 నిమిషాలు, అదుపు బాగా తప్పినవారికి 1.5 నిమిషాలు వచ్చింది. మత్తు అక్కర్లేదు, నొప్పి కన్నా బిడియమే ఎక్కువ. అయితే ఆ ఒక్క అంకెను చూసి ఏ డాక్టరూ తీర్పు చెప్పకూడదు.

మొదటి కాన్పులో కండరం చిరిగి ఉంటే అది ఎండోఏనల్ అల్ట్రాసౌండ్‌లో (మలద్వారం లోపలి నుంచి తీసే స్కాన్‌లో) కనిపిస్తుంది. షుగర్ వల్ల నరాలూ దెబ్బతింటాయి. మెట్‌ఫార్మిన్‌తో కొందరికి విరేచనం పలచబడుతుంది, పలచని మలాన్ని ఆపడం ఇంకా కష్టం; మందు మీరుగా మానకుండా డాక్టర్‌తో మాట్లాడండి. ఇసబ్‌గోల్ మలాన్ని కాస్త గట్టిపరుస్తుంది. పట్టు త్వరగా సడలుతోందని తేలితే, బయోఫీడ్‌బ్యాక్ (కండరం ఎంత బిగుసుకుందో అప్పటికప్పుడు చూపిస్తూ నేర్పే పద్ధతి) సాయంతో కండరాన్ని ఎక్కువసేపు బిగించి ఉంచే సాధన చేయిస్తారు. ఫలితానికి కొన్ని వారాలు ఓపిక పట్టాలి.

మీ ప్రాంతపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ గనుక ఒక్క మాట. ఆ ఫ్లోరైడ్ వల్ల ఎముకలకు వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు ముదిరితే వెన్నెముక బిగుసుకొని వెన్నుపాము నొక్కుకుపోవచ్చు. నడుము వంగకపోవడం, కాళ్లలో తిమ్మిరి లేదా బలహీనత, మూత్రం మీద కూడా అదుపు తప్పడం ఉంటే, మానోమెట్రీ కన్నా ముందు నరాల డాక్టర్‌ను వెంటనే కలవండి.