గాలి పెరిగితే చిన్న క్యాటమరాన్‌కు ఎంత తెరచాప?

కొత్తపట్నంలో పాత పదహారడుగుల క్యాటమరాన్ (రెండు హల్‌లు, అంటే రెండు పడవ దేహాలు, పక్కపక్కన కలిపిన తెరచాప పడవ) కొన్నానని, మధ్యాహ్నం గాలి పెరగ్గానే ఒక హల్ పైకి లేచిపోతోందని, చిన్న తెరచాప కుట్టించాలా అని అడిగారు. అప్పుడే కుట్టించొద్దండి. నేను మైపాడు దగ్గర ఇలాంటి పడవే నడుపుతాను.

గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద తోపు నాలుగింతలవుతుంది. పొద్దున 12 నాట్లున్నది (నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కి.మీ.) మధ్యాహ్నానికి 17 అయినా చాలు, తోపు రెట్టింపైనట్టే. ఒకే హల్ ఉన్న మామూలు పడవ వాలి కొంత గాలిని వదిలేస్తుంది. క్యాటమరాన్ వాలకుండా చాలాసేపు ఓర్చుకుని, ఉన్నట్టుండి తిరగబడుతుంది.

అందుకే ముందు తెరచాప పొట్ట, అంటే గాలికి ఉబ్బే వంపు, చూడండి. పాత డేక్రాన్ (పాలిస్టర్) గుడ్డ సాగిపోతే పొట్ట వెనక్కి జరుగుతుంది, అప్పుడు గాలి పడవను ముందుకి కన్నా పక్కకే ఎక్కువ నెడుతుంది. మాస్ట్ (తెరచాప స్తంభం) పక్కన అడ్డ ముడతలు పోయేదాకా డౌన్‌హాల్, అంటే తెరచాప ముందంచును కిందికి లాగే తాడు, లాగండి. తెరచాప అడుగు అంచును వెనక్కి లాగే ఔట్‌హాల్ తాడు బిగించండి. బ్యాటెన్ల (తెరచాపలో అడ్డంగా దూర్చే బద్దల) తాళ్లు కాస్త వదలండి. మెయిన్‌షీట్ (పెద్ద తెరచాపను అదుపు చేసే తాడు) బిగువుగానే ఉంచి, దాని కింది కొస పక్కలకు జరిగే ట్రావెలర్‌ను గాలికి అవతలి వైపు జరపండి. ఈదురుగాలి దెబ్బ తగిలితే మాత్రం షీట్ వదిలేయడమే, అందుకే అది ఎప్పుడూ చేతిలోనే ఉండాలి.

ఇంతచేసినా హల్ లేస్తుంటే రీఫ్ కట్టాలి, అంటే తెరచాపను కొంత దించి అడుగు భాగాన్ని మడిచి కట్టేయాలి. తెరచాప త్రికోణం కదా, ఎత్తులో అయిదో వంతు తగ్గిస్తే విస్తీర్ణం 36 శాతం తగ్గుతుంది. తోపు పడే చోటు కూడా కిందికి దిగుతుంది కాబట్టి పడవను తిరగేసే బలం దాదాపు సగమైపోతుంది. మీ తెరచాపకు రీఫ్ కన్నాలు లేకపోతే ఆ ఖర్చు పెట్టండి, కన్నాల చుట్టూ గుడ్డ పొరలు పొరలుగా వేయించండి. కొత్తది కుట్టించక తప్పకపోతే పొట్టిగా, అడుగు వెడల్పుగా, పైభాగంలో పొట్ట లేకుండా చదునుగా ఉండమనండి.

జిబ్ (మాస్ట్ ముందుండే చిన్న తెరచాప) ఒక్కటే దించేసి సరిపెట్టుకోవద్దు. ముక్కు గాలివైపే లాగుతుంది, చుక్కాని బరువెక్కుతుంది, పడవను మలుపు తిప్పడం కష్టమవుతుంది.

మరీ చిన్న తెరచాప కూడా మన తీరంలో ప్రమాదమే. మధ్యాహ్నం గాలి సముద్రం మీద నుంచే వస్తుంది, దానికి ఎదురుగా కెరటాలు దాటి బయటపడాలంటే వేగం కావాలి. అది లేకపోతే కెరటం పడవను అడ్డంగా తిప్పేస్తుంది. రీఫ్ ఒడ్డునే కట్టుకుని దిగండి. మే, జూన్‌లలో పడమటి వేడిగాలి గట్టిగా వీస్తున్న రోజు మాత్రం ఏ సైజు తెరచాపతోనూ దిగొద్దు, ఆ గాలి మిమ్మల్ని నడిసముద్రంలోకి తోసేస్తుంది.