టెక్ సందేహాలు: పచ్చ తెర మీద ఏటవాలు గీతలొస్తే ముందు స్విచ్ ఆపండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో మూడు పాత మోనోక్రోమ్ మానిటర్ల గురించే. ఒకటి చాలా అర్జెంటు, అందుకే దాన్ని ముందు తీసుకుంటున్నాను.

"నాన్నగారు 1980ల చివర్లో కొన్న పీసీని అటక మీంచి దింపాను. పచ్చ తెర మానిటర్, 9 పిన్నుల ప్లగ్గు. దాని డిస్‌ప్లే కార్డు (మానిటర్‌కు బొమ్మ పంపేది) పోయింది. పాత సామాన్ల కొట్లో అలాంటి 9 పిన్నుల కార్డే దొరికితే పెట్టాను. ఒక్క అక్షరం కూడా రాలేదు, తెరంతా ఏటవాలు వెలుగు గీతలే. సన్నగా కూత వినిపిస్తోందని మా అమ్మాయి అంటోంది, నాకేమీ వినపడటం లేదు." – పెదవాల్తేరు నుంచి ఒక పాఠకుడు

దయచేసి మళ్లీ ఆన్ చెయ్యకండి. అమ్మాయి మాట నమ్మండి, 15 కిలోహెర్ట్జ్ దగ్గరుండే కూత వయసు పెరిగాక మనలో చాలామందికి వినపడదు, పిల్లలకు బాగా వినపడుతుంది.

మీరు చెప్పినదాన్ని బట్టి అది ఐబీఎం 1981లో తెచ్చిన ఎండీఏ (ఒకే రంగులో అక్షరాలు చూపే) పద్ధతి మానిటర్. 1982లో వచ్చిన హెర్క్యులీస్ కార్డు కూడా దీనికి సరిపోతుంది. ఈ మానిటర్‌కు సెకనుకు 18,432 గీతలు, 50 తెరలు కావాలి. మీకు దొరికింది సీజీఏ కలర్ కార్డు అయితే అది పంపేది సెకనుకు సుమారు 15,700 గీతలు, 60 తెరలు. చిక్కేమిటంటే రెండింటికీ ప్లగ్గు ఒకటే, సింక్ (కొత్త గీత, కొత్త తెర ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే సంకేతం) కూడా రెండింటిలోనూ 8, 9 పిన్నుల్లోనే వెళ్తుంది. బొమ్మ మాత్రం మోనో (ఒకే రంగు) కార్డులో 7వ పిన్నులో వస్తుంది, కలర్ కార్డు ఆ పిన్నును వాడదు. మీకు అక్షరాలు రాకపోవడానికి కారణం ఇదే అనుకుంటున్నాను.

తప్పు సింక్ వస్తే బొమ్మ చెదరడంతో ఆగదు. ఐబీఎం 5151, దాన్ని చూసి చేసిన చాలా మానిటర్లలో అడ్డగీతలు గీయడానికి సొంత ఆసిలేటర్ (లయ ఇచ్చే సర్క్యూట్) లేదు, కార్డు పంపే పల్సే నేరుగా లోపలి ట్రాన్సిస్టర్‌ను నడుపుతుంది. ఒక్కో గీత ఉండాల్సినదానికంటే ఎక్కువ సేపు సాగితే ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్‌లో కరెంటు పెరుగుతూ పోయి, ట్రాన్సిస్టర్ వేడెక్కి కాలిపోతుంది. చదువుకునే రోజుల్లో నా చేతుల్లోనే ఒక మానిటర్ ఇలా నిమిషాల్లో పోయింది, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

కాబట్టి కార్డు బయటికి తీసి చూడండి. 9 పిన్నుల సాకెట్ పక్కన ప్రింటరుకు 25 రంధ్రాల సాకెట్ ఉంటే చాలావరకు మోనో కార్డు, గుండ్రటి ఆర్‌సీఏ సాకెట్ ఉంటే కలర్ కార్డు. కొన్ని క్లోన్ కార్డులు రెండు రకాలుగానూ పనిచేస్తాయి, వాటి మీద మోనో, కలర్ అని చిన్న జంపరో స్విచ్చో ఉంటుంది. మదర్‌బోర్డు మీద కూడా డిస్‌ప్లే రకం చెప్పే స్విచ్ ఉంటుంది, దాన్నీ మోనోకే పెట్టండి. రెండూ సరిచూసుకున్నాకే మానిటర్ తగిలించండి.

ఇంకో మాట, మీ ఇల్లు సముద్రం పక్కన. ఉప్పుగాలికి కిటికీ ఊచలే తుప్పు పడుతుంటే ఇన్నేళ్లు అటక మీదున్న పిన్నులకు చిలుము పట్టదా? ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. సరైన కార్డు పెట్టాక కూడా గీతలే వస్తే మాత్రం డబ్బా మీరు విప్పకండి. ప్లగ్గు పీకేసినా పిక్చర్ ట్యూబ్‌లో వేల వోల్టుల చార్జి నిలిచి ఉంటుంది. పాత టీవీలు బాగుచేసిన చెయ్యి ఉన్న మెకానిక్‌కే ఇవ్వండి, ఎండిపోయిన కెపాసిటర్లు మార్చడం వాళ్లకు అలవాటైన పని.

"షాపులోని పాత బ్లాక్ అండ్ వైట్ సీసీటీవీ మానిటర్‌కు రాస్‌ప్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్ బోర్డు) తగిలించాను. బొమ్మ ఆగకుండా పైకి పరిగెడుతోంది." – గాజువాక

ఇది భయపడాల్సింది కాదు. కాంపోజిట్ అవుట్‌పుట్‌లో రాస్‌ప్‌బెర్రీ పై మామూలుగా ఇచ్చేది సెకనుకు 60 తెరల (60 హెర్ట్జ్) ఎన్‌టీఎస్‌సీ, మన సీసీటీవీ మానిటర్లు ఎక్కువగా 50కి సర్ది ఉంటాయి. పాత మోడళ్లలో కాన్ఫిగ్ ఫైలులో ఎస్‌డీటీవీ మోడ్ విలువ 2 పెడితే 50 హెర్ట్జ్ పాల్ (PAL) పద్ధతి వస్తుంది. తర్వాత వెనకున్న వీ-హోల్డ్ (బొమ్మ పైకీ కిందికీ జారకుండా నిలిపే నాబ్) మెల్లగా తిప్పండి. నాబ్ చివరిదాకా వెళ్లి బొమ్మ దాదాపు నిలబడి మళ్లీ జారితే ఆసిలేటర్ భాగంలో ఏదో విలువ మారిందని అర్థం. మధ్యలోనే నెమ్మదించి, ఎక్కడా పట్టు దొరక్కుండా అటూ ఇటూ జారిపోతుంటే సింక్ లోపలికి అందడం లేదు, అప్పుడు కేబుల్ మార్చి చూడాలి. బొమ్మ పైభాగం మాత్రమే వంగుతుంటే వెనక 75 ఓమ్‌ల స్విచ్ ఏ వైపుందో చూడండి. ఒక్క మానిటరే ఉంటే అది 75 వైపు ఉండాలి. చాలామంది ఈ చిన్న స్విచ్ చూడకుండానే మానిటర్ పాడైందని పక్కన పడేస్తున్నారు, అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

"కంటికి బాగానే ఉంది కానీ ఫోన్‌తో వీడియో తీస్తే నల్లటి పట్టీలు కదులుతున్నాయి. ఇదీ సింక్ సమస్యేనా?" – ఉక్కునగరం

కాదు, మానిటర్‌ను ముట్టుకోకండి. తెర గీతగీతగా గీయబడుతుంది, కెమెరా కూడా గీతగీతగానే చదువుతుంది, రెండూ కలవనప్పుడు పట్టీలు కనిపిస్తాయి. కెమెరాను ప్రో మోడ్‌లో పెట్టి, 50 హెర్ట్జ్ మానిటర్ అయితే షట్టర్ 1/50కి, వీలైతే వీడియోను 25 ఫ్రేములకు మార్చండి.