అబూ గ్రైబ్‌కి బాధ్యులెవరంటే... ఒక కాంట్రాక్టు ఉద్యోగి సమాధానం

ప్రశ్న: అబూ గ్రైబ్ జైల్లో ఇరాకీలను హింసించినందుకు అమెరికాలో ఎవరికైనా శిక్ష పడిందా?

పడింది, కిందివాళ్లకి. ఇరాక్‌లో అమెరికా సైన్యం నడిపిన ఆ జైల్లో ఖైదీలను హింసిస్తూ తీసుకున్న ఫొటోలు 2004 ఏప్రిల్లో టీవీలో వచ్చాక 11 మంది సైనికులకు శిక్షలు వేశారు. చార్లెస్ గ్రేనర్‌కి 10 ఏళ్లు, లిండీ ఇంగ్లండ్‌కి 3 ఏళ్లు. అక్కడి జైళ్ల బాధ్యత చూసిన బ్రిగేడియర్ జనరల్ జానిస్ కార్పిన్‌స్కీని కల్నల్‌గా దించి ఊరుకున్నారు. కోర్టు మార్షల్ (సైనిక కోర్టు విచారణ) దాకా వెళ్లిన ఒకే ఒక్క అధికారి స్టీవెన్ జోర్డన్, హింస ఆరోపణల నుంచి బయటపడ్డాడు. ఇక ఏది హింసో ఏది కాదో సీఐఏకి అనుకూలంగా తేల్చిపెడుతూ 2002 ఆగస్టులో మెమో మీద సంతకం చేసిన న్యాయశాఖ లాయరు జే బైబీ అయితే, మరుసటి ఏడాదే అప్పీల్స్ కోర్టు జడ్జి అయ్యాడు.

ఇదంతా వికీపీడియాలో దొరుకుతుంది. నేను రాయాలనుకున్నది కాంట్రాక్టర్ల గురించి. ఉత్తర వర్జీనియాలో ఉంటూ ఉద్యోగమంతా కాంట్రాక్టుల మీదే లాక్కొచ్చినవాణ్ణి, ఈ రోగం నాకు బాగా తెలుసు.

ఆ జైల్లో ఖైదీలను ప్రశ్నించినవాళ్లలో కొందరు సైనికులు కారు. సీఏసీఐ అనే కంపెనీ పంపిన మనుషులు. వాళ్లను ఏ కాంట్రాక్టు కింద తెప్పించారో తెలుసా? ఐటీ సేవల కాంట్రాక్టు! అది నడిపింది రక్షణ శాఖ కూడా కాదు, జాతీయ పార్కులు చూసుకునే ఇంటీరియర్ శాఖకి అరిజోనాలో ఉన్న ఒక ఆఫీసు. మనవాళ్లు డేటాబేస్ అడ్మిన్లుగా వెళ్లే తరహా కాగితం మీదే ఇంటరాగేటర్లూ బాగ్దాద్ పక్కకి వెళ్లారన్నమాట.

నేను కొత్తగా వచ్చినప్పుడు ఒక రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. జీతమిచ్చేది మన తెలుగాయన కన్సల్టెన్సీ, మధ్యలో వెండర్, పైన క్లయింట్. ఒకసారి వీకెండ్‌లో నడిచిన బ్యాచ్ ప్రోగ్రామ్ గాడి తప్పి, అర్హత ఉన్నవాళ్లకి కూడా "మీకు సాయం ఆపేశాం" అని ఉత్తరాలు వెళ్లిపోయాయి. కాఫీకి కిందికి దిగితే కౌంటర్ దగ్గర ఒక ముసలావిడ. ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో తెచ్చుకుంది. దాన్ని విప్పి అద్దం కింద నుంచి లోపలికి తోసి, "ఇది రాసిందెవరు? ఆయన్ని పిలవండి" అంటోంది. లోపల కూర్చున్న అమ్మాయి కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. పేరు లేదు, సంతకం లేదు.

పైన కాన్ఫరెన్స్ కాల్. కోడ్ మీ మనుషులదే అంటాడు క్లయింట్ మేనేజర్. మనుషుల్ని పంపడం వరకే మా పని, వాళ్లకి పని చెప్పేది మీరే కదా అంటాడు వెండర్. మా కన్సల్టెన్సీ ఆయన ఆ కాల్ మ్యూట్‌లో పెట్టి, ఇంకో ఫోన్‌లో నాకు చెబుతున్నాడు: "నువ్వు నోరెత్తకు తమ్ముడూ, అసలే నీ హెచ్1 ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది." చివరికి మినిట్స్‌లో రాసింది "సిస్టమ్ ఇష్యూ" అని. ఆ కాల్ టైమ్ కూడా బిల్లయింది.

ఉత్తరాలు తప్పుగా వెళ్లడమూ మనుషుల్ని హింసించడమూ ఒకటని నేననను. కానీ ఆ జైల్లో ఉన్న ఇరాకీలు వేసిన దావాలో, వర్జీనియాలోని అలెగ్జాండ్రియా ఫెడరల్ కోర్టులో సీఏసీఐ వాదన చదువుతుంటే అచ్చం ఆ కాలే: మనుషులు మావాళ్లే, కానీ వాళ్లు సైన్యం చెప్పుచేతల్లో ఉన్నారు, కాబట్టి బాధ్యత సైన్యానిదే. పోనీ ఇరాక్ కోర్టుకి వెళ్దామా అంటే, అక్కడి చట్టం విదేశీ కాంట్రాక్టర్లకి తగలకుండా, అప్పట్లో ఇరాక్‌లో అమెరికా తరఫున పాలన నడిపిన పాల్ బ్రెమర్ 2004 జూన్‌లోనే ఒక ఆర్డర్ మీద సంతకం పెట్టి వెళ్లాడు.

2008లో వేసిన ఆ దావా జ్యూరీ ముందుకు రావడానికి 2024 ఏప్రిల్ అయింది. ఆ జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. నవంబర్లో రెండో జ్యూరీ, ఒక జర్నలిస్టు, ఒక స్కూలు ప్రిన్సిపాల్, ఒక పళ్ల వ్యాపారి, ఈ ముగ్గురికీ కలిపి 4.2 కోట్ల డాలర్లు ఇవ్వమంది. కంపెనీ అప్పీలుకి వెళ్తామంది. అదే వారం మా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ట్రంప్ వస్తే హెచ్1 ఏమవుతుందన్న టెన్షన్ తప్ప ఇంకో మాట లేదు. కోర్టేమో మా ఇళ్లకి గంట దూరం కూడా లేదు! ఈ సంగతి ఎత్తితే "మనకెందుకన్నా" అన్నాడొకడు. వాడికి సెక్యూరిటీ క్లియరెన్స్ (ప్రభుత్వ రహస్య పనులకి కావలసిన అనుమతి) వచ్చిందని పోయిన వేసవిలోనే అందరికీ బిర్యానీ పెట్టాడు లెండి.

డబ్బు సరే, జైలు మాటేమిటి అంటారేమో. అబూ గ్రైబ్‌కి వెళ్లిన ఆ కంపెనీ ఇంటరాగేటర్లలో ఒక్కరి మీద కూడా క్రిమినల్ కేసు పెట్టలేదు. నన్నడిగితే, ఐటీ కాంట్రాక్టులో ఇంటరాగేషన్ పనిని దూర్చినవాళ్లను ముందు బోనెక్కించాలి. ఆ సంగతి 2004లోనే బయటపడింది. కంపెనీని ప్రభుత్వ కాంట్రాక్టుల నుంచి నిషేధించాలా అని ప్రభుత్వ కొనుగోళ్లు చూసే జీఎస్‌ఏ ఆలోచించి, అక్కర్లేదని తేల్చింది. కాంట్రాక్టులు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.