కొడుకు చేతికి గ్రీజు అంటకూడదని పదహారు లక్షలా?

ఈసారి ఉత్తరం అనంతపురం నుంచి వచ్చింది. రాసినాయన ఆర్టీసీ డిపో గ్యారేజీలో మెకానిక్. వచ్చే ఏడాది రిటైరవుతున్నారు. కొడుకు 2023లో ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్) బీటెక్ పూర్తి చేశాడు. బ్యాంకు పరీక్షలు రెండుసార్లు రాశాడు, అందలేదు. ఎనిమిది నెలలుగా కళ్యాణదుర్గంలో మేనమామ మోటార్ రీవైండింగ్ అంగట్లో, అంటే కాలిపోయిన మోటార్లకు తీగ మళ్లీ చుట్టే అంగట్లో, పని చేస్తున్నాడు. ఇప్పుడు ఒక కాఫీ, టీ ఫ్రాంచైజీ వాళ్లు సాయినగర్‌లో బ్రాంచి ఇస్తామన్నారట. మొత్తం 16 లక్షలు. సగం రిటైర్మెంట్ డబ్బు, సగం బ్యాంకు అప్పు. "ఫ్రాంచైజీ మేలా, సొంత అంగడి మేలా? రెండూ పోల్చి చెప్పండి సార్" అని అడిగారు.

అన్నా,

మీ ఉత్తరం నాలుగు పేజీలు. మూడున్నర పేజీలు ఆ ఫ్రాంచైజీ గురించే ఉన్నాయి: బోర్డు ఎంత పెద్దది, లైట్లు ఎట్లా ఉంటాయి, ఏజెంటు ఏమన్నాడు. మీ అబ్బాయికి ఏది ఇష్టమో ఒక్క మాట లేదు. ఆఖర్లో మాత్రం ఇట్లా రాశారు: "నా చేతి గ్రీజు వానికి అంటకూడదనే చదివించినా సార్. వాడు పోయి బావమరిది అంగట్లో అదే గ్రీజు పూసుకుంటాండాడు. నలుగురిలో చెప్పుకోలేకపోతున్నా." మీరు అడగాలనుకున్నది ఇదేనని నాకు తెలుస్తూనే ఉంది. దాని దగ్గరికి వస్తాను. ముందు ఫ్రాంచైజీ సంగతి.

అందులో మంచి లేదని అనను. ఏ పనీ చేతికి రాని మనిషికి పని నేర్పి నిలబెడుతుంది. పాలెన్ని, పొడెంత, మెషీన్ ఎక్కడ కొనాలి, పనివాళ్లకు ఏం నేర్పాలి, అన్నీ వాళ్లే చూస్తారు. పేరు జనానికి ముందే తెలిసి ఉంటుంది. అందరూ ఒకే రకం కూడా కాదు. అమూల్ లాంటి సంస్థ రాయల్టీ (పేరు వాడుకున్నందుకు నెలనెలా కట్టే వాటా) తీసుకోదు, అమ్మిన సరుకు మీద మార్జిన్ ఇస్తుంది. చేతిలో అప్పు లేని డబ్బుండి, పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా గల్లా దగ్గర నిలబడే ఓపిక ఉన్నవాళ్లకు అదీ ఒక బతుకుదెరువే.

మీకు వచ్చిన అగ్రిమెంట్ మాత్రం వేరు. మీరు పంపిన నకలు రెండుసార్లు చదివాను. ఫ్రాంచైజీ ఫీజు 4 లక్షలు, దాని మీద 18 శాతం జీఎస్టీ అంటే ఇంకో 72 వేలు. అంగడి మూసేసినా ఇవి తిరిగి రావు. రాయల్టీ 6 శాతం, అదీ అమ్మకం మీద. లాభం మీద కాదని గమనించండి. మీకు నష్టం వచ్చిన నెల కూడా వాళ్లకు 6 శాతం పోవాల్సిందే. పొడి, కప్పులు, సిరప్‌లు వాళ్ల దగ్గరే, వాళ్లు చెప్పిన రేటుకే కొనాలి. మూడేళ్ల లోపు మూసేస్తే డిపాజిట్ రాదు. రెండు వీధుల అవతల ఇంకొకరికి బ్రాంచి ఇవ్వకూడదన్న షరతు ఎక్కడా లేదు. తగాదా వస్తే బెంగళూరులో తేల్చుకోవాలి. ఏజెంటు మీకు నోటితో చెప్పిన "నెలకు 40 వేలు గ్యారంటీ" ఆ కాగితాల్లో ఏ పేజీలోనూ లేదు.

ఇప్పుడు లెక్క వేద్దాం. మనిషికి సగటున 30 రూపాయల బిల్లు, రోజుకు 200 మంది వస్తారనుకుందాం. నెలకు 1,80,000. సరుకుకు నూటికి 45 చొప్పున 81 వేలు. రాయల్టీ, దాని మీద జీఎస్టీ కలిపి 12,700. బాడిగ 25 వేలు. నలుగురు పనివాళ్లకు 48 వేలు. కరెంటుకు 9 వేలు. మిగిలేది 4,300 రూపాయలు. 8 లక్షల అప్పుకు 11 శాతం వడ్డీతో ఐదేళ్ల వాయిదా నెలకు 17,400 దాకా అవుతుంది. అంటే ప్రతి నెలా 13 వేలు మీ పింఛను లోంచి ఎదురు పెట్టాలి. రోజుకు 300 మంది వస్తే అన్నీ పోను 30 వేలు మిగులుతాయి. ఆ 300 మంది రావాలంటే పన్నెండు గంటల పాటు, దాదాపు రెండున్నర నిమిషాలకు ఒకరు చొప్పున, ఏడాదంతా మీ అంగడి మెట్లెక్కాలి. మన ఊళ్లో అమ్మకం చెనక్కాయ పంటను బట్టి నడుస్తుందని మీకు నేను చెప్పాలా? వాన మొహం చాటేసిన ఏడాది 30 రూపాయల టీ ఎవరు తాగుతారు? మూలమీద 10 రూపాయల టీ ఉండనే ఉంటుంది.

ఇంకో సంగతి. అమెరికాలో ఫ్రాంచైజీ అమ్మే కంపెనీ, సంతకానికి కనీసం 14 రోజుల ముందు వివరాల పత్రం చేతికివ్వాలి. ఎన్ని బ్రాంచీలు మూతపడ్డాయో, వాటిని నడిపినవాళ్లు ఎవరో అందులో ఉండాలి. మన దేశంలో ఫ్రాంచైజీలకని ప్రత్యేక చట్టమే లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మీరు సంతకం పెట్టిందే మీ రాత. అందుకని ఆ విచారణ మీరే చేసుకోవాలి. ఏజెంటు చూపించే కళకళలాడే బ్రాంచికి వెళ్లకండి. మూసేసినవాళ్లు ముగ్గురిని వెతికి పట్టుకుని అడగండి. ముగ్గురి పేర్లు కూడా చెప్పలేనివాడి చేతిలో 8 లక్షలు ఎట్లా పెడతారు?

మీ గ్రీజు మాటకు వస్తాను. ఉత్తరంలో అబ్బాయి నంబరు కూడా ఇచ్చారు కదా, ఫోన్ చేశాను. మీ మీద ఒక్క ఫిర్యాదు చేయలేదు. "నాన్న సంతోషపడితే టీ అంగడే పెడతాలే సార్" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు మీ మీద కోపం వచ్చిందన్నా, దాచుకోను. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు మీ పరువు కోసం తనకు ఇష్టం లేని అప్పు నెత్తికెత్తుకోవడానికి సిద్ధపడ్డాడు. మీరు అడక్కుండానే.

అక్కడ ఏం చేస్తుంటావని అడిగితే ఒక నోటుబుక్కు పేజీ ఫొటో తీసి పంపాడు. స్కేలు పెట్టి గీసిన గళ్లు. వచ్చిన ప్రతి మోటారుకు ఒక వరుస: తేదీ, ఊరు, హెచ్‌పీ, స్లాట్లు, చుట్లు, తీగ గేజీ, రాగి తూకం. ఆఖరి గడి "ఎందుకు కాలింది". నీళ్లు లేకుండా తిరిగింది, ఓల్టేజీ తగ్గింది, ఒక ఫేజు పోయింది, ఇట్లా రాసి ఉన్నాయి. పక్కనే ఎర్ర ఇంకుతో "మళ్లీ వచ్చిందా?" అని. ముప్పై ఏళ్లుగా వాళ్ల మామ ఇదంతా తలలోనే పెట్టుకున్నాడట. ఈ పిల్లోడు వచ్చి పుస్తకంలోకి ఎక్కించాడు. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద నాలుగు మోటార్లు వరసగా కాలాయని అందులోనే కనిపెట్టి, ఆ రైతులను వెంటబెట్టుకుని కరెంటాఫీసుకు పోయొచ్చాడు. అన్నా, ఆ బీటెక్ ఎక్కడికీ పోలేదు. ఆ పేజీలోనే ఉంది.

మీరు కూడా గ్యారేజీలో ఏ బస్సుకు ఏం రిపేరు చేశారో జాబ్‌కార్డులో రాసే మనిషే కదా. వాడు ఆ అలవాటు ఎవర్ని చూసి నేర్చుకున్నాడనుకున్నారు? ఆ గ్రీజుతోనే మీరు ఇల్లు కట్టారు, కూతురి పెళ్లి చేశారు, వాడి ఫీజు కట్టారు. దాన్ని మీరే తక్కువ చేసి మాట్లాడితే, వాడికి సంబంధం చూడటానికి వచ్చేవాళ్లు ఎక్కువ చేసి ఎట్లా మాట్లాడతారు?

సొంత అంగడిలో కష్టాలు లేవని కాదు. ఉద్దర మొదటిది. చీనీ తోట ఎండిపోతుందని రైతు అర్ధరాత్రి మోటారు దించి ఆటోలో వేసుకొస్తాడు, డబ్బు మాత్రం కాయ అమ్మాకే. రాగి ధర మన చేతిలో ఉండదు. ఎండాకాలం నిద్ర ఉండదు, వానలు బాగా పడితే రెండు నెలలు పని పల్చబడుతుంది. అన్నిటికంటే నాకు భయం మామా అల్లుళ్ల లెక్క. ఇప్పుడు వాడు తీసుకునేది జీతమా, వాటానా? ఎవరికీ తెలీదు. బంధువుల మధ్య కాగితం ఎందుకని ఊరుకున్న అంగళ్లు పదేళ్ల తర్వాత చుట్టరికాన్నే తెంపేయడం చాలా చూశాను. మీ బావమరిదితో మీరే కూర్చుని వాటా ఎంతో రాయించండి. తండ్రిగా మీరు చేయాల్సిన పని అది.

ఏడాది గడిచాక వాడు వేరే పెట్టుకుంటానంటే 16 లక్షలు అక్కర్లేదు. వైండింగ్ మెషీన్, టెస్టింగ్ ప్యానెల్, చైన్ పుల్లీ, కొంత రాగి తీగ, ఆరు నెలల బాడిగ. అంతా కలిపి 5 లక్షలు దాటకుండా మొదలుపెట్టొచ్చని వాడే లెక్క చెప్పాడు. చిన్న వ్యాపారాలకు అప్పిచ్చే కేంద్ర పథకం ముద్రలో కిశోర్ రకం కింద 5 లక్షల దాకా ఏ తాకట్టూ లేకుండా బ్యాంకు అప్పు ఇవ్వొచ్చు. 2008లో మొదలైన పీఎంఈజీపీ అనే కేంద్ర స్వయం ఉపాధి పథకంలో సబ్సిడీ కూడా ఉంది, కానీ అది ప్రధానంగా కొత్త యూనిట్లకే. ఆ సబ్సిడీ మూడేళ్లు బ్యాంకులోనే ఉంటుంది, చేతికి రాదు. ఆ పథకం ఇప్పుడు నడుస్తోందో లేదో, దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటారో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. చిన్న వ్యాపారాలు ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు రూపాయి ఖర్చు లేదు. చేయిస్తామని డబ్బులడిగే వాళ్లను దగ్గరికి రానీయకండి. మీ రిటైర్మెంట్ డబ్బును మాత్రం ఎవరి వ్యాపారంలోనూ పెట్టకండి. కొడుకుదైనా సరే. అది మీకూ వదినకూ ముసలితనంలో మందులకు, మెతుకులకు.

మీ వాడు చెడిపోలేదు, వెనకబడలేదు. ఎనిమిది నెలల్లో ఒక విద్య చేతికి తెచ్చుకున్నాడు. నా దగ్గరికి వచ్చే బీటెక్ పిల్లల్లో ఈ వయసుకు ఆ మాట చెప్పగలిగేవాళ్లు బాగా తక్కువ. కంటి నిండా నిద్రపోండి.

ఆదివారం మీకు వీక్లీ ఆఫ్ అని రాశారు. కళ్యాణదుర్గం బస్సెక్కండి. ఆ అంగట్లో ఒక పూట కూర్చోండి, ఏమీ మాట్లాడొద్దు, ఆ నోటుబుక్కు అడిగి చూడండి. టోకెన్ అడ్వాన్సు 50 వేలకు ఈ నెల 25 గడువన్నారు కదా. ఆ రోజు ఏజెంటు ఫోన్ చేస్తే, "మా అబ్బాయిని అడిగి చెప్తా" అనండి.