క్లినిక్ మూసేసి ఫార్మా ఉద్యోగానికి వెళ్లవచ్చా?

ప్రశ్న: నా వయసు 39. జనరల్ మెడిసిన్‌లో ఎం.డి. శ్రీకాకుళంలో సొంత క్లినిక్ పెట్టి తొమ్మిదేళ్లయింది. నెలకు సగటున 2.80 లక్షలు వస్తుంది. అద్దె, సిబ్బంది జీతాలు, కరెంటు, ఇతర ఖర్చులకు 1.05 లక్షలు పోతుంది. గుండె పరీక్షలు చేసే ఎకో, టీఎంటీ మెషీన్ల మీద తీసుకున్న అప్పు ఇంకా 14 లక్షలుంది, దాని ఈఎంఐ 38 వేలు. మావారు ప్రభుత్వ జూనియర్ కళాశాలలో లెక్చరర్. ఆయన జీతం 82 వేలు, ఇంటి రుణం అందులోనే పోతుంది. పాప ఎనిమిదో తరగతి చదువుతోంది. ఎఫ్‌డీల్లో 9 లక్షలు, మ్యూచువల్ ఫండ్లలో 11 లక్షలు, ఎచ్చెర్లలో ఒక ఇంటి స్థలం ఉన్నాయి. అర్ధరాత్రి ఫోన్లు, ఆదివారం కూడా ఓపీ, రోగుల బంధువులతో గొడవలు... ఇక చాలనిపిస్తోంది. హైదరాబాద్‌లో ఒక ఫార్మా కంపెనీలో మెడికల్ అడ్వైజర్ (మందుల విషయంలో కంపెనీకి వైద్య సలహాలిచ్చే డాక్టరు) ఉద్యోగానికి ఏడాదికి 26 లక్షలు ఇస్తారని ఒక రిక్రూటర్ ఫోనులో చెప్పారు. 3.5 లక్షల కోర్సు చేస్తే ఉద్యోగం గ్యారంటీ అని ఒక శిక్షణ సంస్థ అంటోంది. క్లినిక్ మూసేసి, స్థలం అమ్మి అప్పు తీర్చి, పూర్తిగా ఈ ప్రయత్నంలో ఉండాలనుకుంటున్నాను. పైడిభీమవరంలో ఇన్ని ఫార్మా ఫ్యాక్టరీలున్నాయి కదా, అక్కడ నాలాంటివాళ్లకు అవకాశం ఉంటుందా?

జవాబు: డాక్టర్ గారూ, వృత్తి మారాలన్న మీ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. తొమ్మిదేళ్లు ఒంటిచేత్తో క్లినిక్ నడిపిన మనిషి ఇక చాలనుకోవడంలో అన్యాయమేమీ లేదు. నా భయమంతా మీరు వేసుకున్న వరుస గురించే. ముందు క్లినిక్ మూసి, తర్వాత ఉద్యోగం వెతుకుతానంటున్నారు. దయచేసి ఆ వరుస తిరగేయండి. ఆఫర్ లెటర్ చేతికి వచ్చేదాకా క్లినిక్ నడవనివ్వండి, స్థలం జోలికి పోకండి, ఆ 3.5 లక్షలు కట్టకండి.

ఎందుకంటే ఈ మార్పులో అసలు ఖర్చు జీతంలో తేడా కాదు, వెతుకులాటకు పట్టే కాలం. మెడికల్ అడ్వైజర్ పోస్టులు ఎక్కువగా ముంబయి, బెంగళూరు, హైదరాబాద్‌లలోనే ఉంటాయి. వాటికి ఫార్మకాలజీ ఎం.డి.లు కూడా గట్టిగా పోటీపడతారు. కంపెనీలో పనిచేసిన అనుభవం లేని డాక్టరుకు మొదటి ఉద్యోగం దొరకడమే కష్టం, రెండోది అంత కష్టం కాదు. క్లినిక్ మూసిన ప్రతి నెలా మీకు వచ్చే ఆదాయం ఆగిపోతుంది, మెషీన్ల ఈఎంఐ మాత్రం ఆగదు. ఖర్చులు, ఈఎంఐ, పన్ను పోగా ఇప్పుడు మీకు నెలకు దాదాపు 1.25 లక్షలు మిగులుతోంది. దానికి 38 వేల ఈఎంఐ కలిపితే మూసిన ఒక్కో నెల ఖరీదు 1.63 లక్షలు. వెతుకులాట ఎనిమిది నెలలు సాగిందనుకోండి, 13 లక్షలు. మీ ఎఫ్‌డీలన్నీ కలిపినా అంత లేవు. పైగా క్లినిక్ మూతపడిందని తెలిస్తే మీ బీపీ, షుగరు రోగులు వేరే డాక్టరును చూసుకుంటారు. మళ్లీ తెరిచినా వాళ్లందరూ వెనక్కి రారు.

ఇక ఆ 26 లక్షల సంగతి. చాలామంది డాక్టర్లు ఇక్కడే పొరబడతారు. రిక్రూటర్ చెప్పింది కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు, అంటే సీటీసీ. మీ చేతికొచ్చేది వేరు. ఉదాహరణకు అందులో 3 లక్షలు పనితీరును బట్టి ఏడాది చివర ఇచ్చే వేరియబుల్ అనుకుందాం. బేసిక్ 12 లక్షలైతే పీఎఫ్‌లో కంపెనీ వాటా 1.44 లక్షలు, గ్రాట్యుటీ కింద చూపేది దాదాపు 58 వేలు. ఇవి తీసేస్తే స్థిరమైన జీతం 21 లక్షల దగ్గర తేలుతుంది. అందులో పీఎఫ్‌కు మీ వాటా మరో 1.44 లక్షలు. 2025-26 నుంచి ఉన్న కొత్త పన్ను విధానం రేట్ల ప్రకారం, 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోగా, పన్ను సెస్సుతో కలిపి 2.15 లక్షల దాకా వస్తుంది. చివరికి నెలకు చేతిలో పడేది దాదాపు 1.45 లక్షలు.

క్లినిక్ మీద మీకు మిగిలే 1.25 లక్షలను ఎలా లెక్కగట్టానో కూడా చెబుతాను. మీ ఆడిటర్ అంచనా ఆదాయ పద్ధతిలో, అందరూ 44ఏడీఏ అని పిలిచే దానిలో, రిటర్ను వేస్తున్నారని అనుకున్నాను. ఏడాదికి వచ్చిన 33.6 లక్షల్లో సగం, 16.8 లక్షలు ఆదాయంగా చూపితే పన్ను 1.41 లక్షలు, అంటే నెలకు దాదాపు 12 వేలు. జీతగాడికి ఈ వెసులుబాటు లేదు. అసలు మిగులు సగం కంటే ఎక్కువ ఉంటే ఆ ఎక్కువనే చూపాలి. ఈఎంఐలో వడ్డీ ఎంతో, మెషీన్ల తరుగుదల ఎంతో చూసి దీన్ని ఆడిటర్‌తో ఒకసారి సరిచూసుకోండి.

ఇప్పుడు 1.25 పక్కన 1.45 పెట్టి 20 వేలు లాభం అనుకోకండి. మీవారు, పాప శ్రీకాకుళంలోనే ఉంటే మీరు హైదరాబాద్‌లో రెండో కాపురం పెట్టాలి. అద్దె, తిండి, శ్రీకాకుళం రోడ్ స్టేషనుకు రాకపోకలు కలిపి 45 వేలనుకున్నా, మెషీన్ల ఈఎంఐ 38 వేలు కూడా తీసేస్తే మిగిలేది 62 వేలే. ఇప్పటి మిగులులో సగం. పీఎఫ్‌లో రెండు వాటాలు కలిపి నెలకు 24 వేలు పోగవుతుంది నిజమే, ఆదివారం ఓపీ ఉండదు, అది ఇంకా నిజం. అయినా ఈ తేడా తెలిసి వెళ్లడం వేరు, మొదటి జీతం చూసి తెలుసుకోవడం వేరు.

అందుకే మీరు అడగని ఒక మాట చెబుతాను. మెడికల్ అడ్వైజర్ పోస్టు ఒక్కదాని మీదే చూపు పెట్టకండి. మందుల దుష్ప్రభావాల కేసులను పరిశీలించే డ్రగ్ సేఫ్టీ విభాగాల్లోనూ డాక్టర్లను తీసుకుంటారు. వీటిలో కొన్ని ఉద్యోగాలు ఇంటి నుంచి చేసుకోవచ్చు. అలాంటిది 20 లక్షల సీటీసీకి దొరికిందనుకోండి. పైన చెప్పిన పాళ్లలోనే లెక్కవేస్తే చేతికి నెలకు 1.16 లక్షల దాకా వస్తుంది. హైదరాబాద్ ఉద్యోగంలో అద్దె, ప్రయాణాలు పోగా మిగిలేది లక్ష. అంటే శ్రీకాకుళంలో కూర్చుని చేసే 20 లక్షల ఉద్యోగం, హైదరాబాద్ వెళ్లి చేసే 26 లక్షల ఉద్యోగం కంటే మీ ఇంటికి ఎక్కువ తెస్తుంది. పాప పదో తరగతి మీ కళ్ల ముందే పూర్తవుతుంది. నా ఓటు దీనికే.

పైడిభీమవరం గురించి. అక్కడివి ఎక్కువగా ముడి మందులు తయారుచేసే ఫ్యాక్టరీలు. రసాయన శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు, నాణ్యత విభాగం వాళ్లు వందల్లో కావాలి. మెడికల్ అడ్వైజర్లు పనిచేసేది కార్పొరేట్ కార్యాలయాల్లో, ఫ్యాక్టరీల్లో కాదు. అక్కడ డాక్టరుకు ఉన్న చోటు ఒక్కటే, కార్మికుల ఆరోగ్యం చూసే ఫ్యాక్టరీ మెడికల్ ఆఫీసర్. దానికి అసోసియేట్ ఫెలో ఆఫ్ ఇండస్ట్రియల్ హెల్త్ అనే మూడు నెలల కోర్సు చేసినవారిని అడుగుతారు. ఎం.డి. ఫిజీషియన్ స్థాయి జీతం అక్కడ ఆశించకండి. ఇంటి నుంచి వెళ్లి రావడం, వేళకు రావడం, వేళకు పోవడం మీకు ముఖ్యమైతే మాత్రం అదీ గౌరవమైన పనే, ఆలోచించండి.

కోర్సు మాటకొస్తే నాకు కోపమే వస్తుంది. ఉద్యోగం ఇచ్చేది కంపెనీ, శిక్షణ సంస్థ కాదు. వాళ్లిచ్చే గ్యారంటీ కాగితం మీద ఏమని ఉందో, ఉద్యోగం రాకపోతే ఎంత సొమ్ము, ఎన్నాళ్లలో వెనక్కిస్తారో రాసివ్వమని అడగండి. ఇల్లలకగానే పండగ కాదు, సర్టిఫికెట్ రాగానే ఉద్యోగమూ కాదు. క్లినికల్ ట్రయల్స్‌కు తప్పనిసరి అనే గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ శిక్షణ ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది.

మీకు కావలసిన అనుభవం మీ ఓపీలోనే ఉంది. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది. దాని జాతీయ కేంద్రం గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్. ఏ డాక్టరైనా ఫారం నింపి పంపవచ్చు, రూపాయి ఖర్చు లేదు. ఉద్దానం వైపు నుంచి వచ్చిన ఒక రోగి మోకాళ్ల నొప్పికి వారం పాటు మాత్రలు మింగి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగి మీ ముందు కూర్చున్నాడనుకోండి. మీరు మాత్రలు ఆపించి పంపేస్తారు. అదే కేసులో రోగి గుర్తింపు అక్షరాలు, వయసు, మందు పేరు, మోతాదు, ఏ రోజు మొదలుపెట్టాడు, ఏ రోజు తేడా కనిపించింది, మందు ఆపాక ఏమైంది అన్నవి వరుసగా రాస్తే అదొక నివేదిక. డ్రగ్ సేఫ్టీ డాక్టరు రోజంతా చదివేవి సరిగ్గా ఇలాంటి నివేదికలనే. ఆరు నెలలు శ్రద్ధగా పంపండి. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఆ సర్టిఫికెట్ కంటే ఇది గట్టి ఆధారం. మెడికల్ కాలేజీల్లో ఈ కార్యక్రమం కేంద్రాలు నడుస్తున్నాయి, ఫార్మకాలజీ విభాగం వాళ్లను కలిస్తే దారి చూపిస్తారు.

మధ్యలో పార్ట్ టైమ్ కన్సల్టెన్సీ దొరికితే చేయండి, కానీ ఒక్క విషయం చూసుకుని. రోగులకు చేసే వైద్యానికి జీఎస్టీ లేదు. కంపెనీకి ఇచ్చే సలహా వైద్యం కిందికి రాదు, దాని మీద 18 శాతం. రిజిస్ట్రేషన్‌కు 20 లక్షల పరిమితి చూసేటప్పుడు మీ క్లినిక్ ఆదాయాన్ని కూడా కలుపుతారు. మీకు 33.6 లక్షలు వస్తోంది కాబట్టి కంపెనీకి మొదటి బిల్లు ఇచ్చినప్పుడే రిజిస్ట్రేషన్ అవసరం పడుతుంది. బిల్లు రాసే ముందే ఆడిటర్‌ను కలవండి.

ఉద్యోగం వచ్చి ప్రొబేషన్ పూర్తయ్యాక మెషీన్లు అమ్మండి, అంతకు ముందు వద్దు. ఆ కొద్ది నెలలు క్లినిక్‌ను నమ్మకమైన మరో ఫిజీషియన్‌కు వాటా మీద అప్పగించవచ్చు. బయట ప్రాక్టీసు గురించి కంపెనీ కాంట్రాక్టులో ఏముందో ముందే చదవండి. ఎకో మెషీన్ కూడా 1994 నాటి లింగ నిర్ధారణ నిరోధక చట్టం కిందికి వస్తుంది. ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉన్నవారికే అమ్మాలి, జిల్లా అధికారులకు రాతపూర్వకంగా తెలపాలి. వచ్చిన ధర అప్పు కంటే తక్కువైతే ఆ తేడాను ఎఫ్‌డీ నుంచి కట్టి అప్పు మూసేయండి. నెలకు 38 వేలు విడుదలవుతుంది. ఎఫ్‌డీల్లో కనీసం 4 లక్షలు మాత్రం కదపకండి, ఫండ్లలో నెలనెలా కట్టే సిప్ ఉంటే ఆపకండి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది, కుటుంబానికి సొంత పాలసీ ఉంచుకోండి.

ఎచ్చెర్ల స్థలం ఉండనివ్వండి. అవసరం ముంచుకొచ్చాక అమ్మే స్థలానికి ధర కొనేవాడు చెప్పిందే. రేపు అమ్మాల్సివస్తే, 2024 జులై 23కు ముందు కొన్నదైతే లాభం మీద ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి లెక్కగట్టడం) లేకుండా 12.5 శాతం, ఉంటే 20 శాతం, ఏది తక్కువైతే అది కట్టవచ్చు. కొన్న దస్తావేజులు తీసి పెట్టుకోండి.

చివరిది ఇండెమ్నిటీ పాలసీ, అంటే చికిత్స మీద రోగులు పరిహారం కేసు వేస్తే డాక్టరును ఆదుకునే బీమా. క్లినిక్ మూసేవాళ్లు మొదట ఆపేది దీని ప్రీమియమే. మన దగ్గర డాక్టర్లు తీసుకునే పాలసీల్లో చాలావాటికి, చికిత్స చేసిన రోజున కాదు, కేసు వచ్చిన రోజున పాలసీ అమల్లో ఉండాలి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది, తగిన కారణం ఉంటే కమిషన్ ఆలస్యాన్ని మన్నించవచ్చు కూడా. అందువల్ల ఆఖరి రోగిని చూసిన తర్వాత మూడేళ్లపాటు పాలసీని కొనసాగించండి, పాత తేదీ నుంచి రక్షణ తెగకుండా రెన్యువల్ చేయించండి. కేస్ షీట్లు కూడా అన్నాళ్లూ భద్రపరచండి. ఈ ప్రీమియాన్ని కొత్త ఉద్యోగం బడ్జెట్‌లో ముందే రాసుకోండి.