బ్లాక్ చేసే ముందు...

ప్రశ్న: మా ఊళ్లో బాల్యవివాహాలను అడ్డుకుంటున్నాం. నాకు 20 ఏళ్లు. వాట్సాప్‌లో చంపుతామని బెదిరిస్తున్నారు. బ్లాక్ చేసేయనా?
– ఒక పాఠకురాలు

జవాబు: కాస్త ఆగమ్మా, ముందు ఆధారం భద్రం. పేరు కాదు, నంబరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి మరొకచోట దాచండి. అసలు మెసేజ్‌లు చెరపొద్దు, ఫోన్ రీసెట్ చేయొద్దు. చాలామంది భయంతో చేసే తప్పు ఇదే. తర్వాత స్క్రీన్‌షాట్ నకిలీదని అవతలివాళ్లు వాదిస్తారు. కోర్టుకు వెళ్తే సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్, అంటే ఎలక్ట్రానిక్ ఆధారాన్ని ధ్రువీకరించే పత్రం కూడా జతచేయాలి. ఆధారాలు దాచాకే బ్లాక్.

వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘లింక్డ్ డివైజెస్’ (మీ ఖాతాకు జతైన ఇతర పరికరాలు) చూసి, తెలియనివి తీసేయండి. టూ-స్టెప్ వెరిఫికేషన్‌కు 6 అంకెల పిన్ పెట్టండి, పుట్టిన తేదీ మాత్రం వద్దు. సిమ్ ఎవరైనా కాజేసినా ఆ పిన్ అడ్డుపడుతుంది.

‘మా పరిధి కాదు’ అని పోలీసులంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో సంబంధం లేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే ఎఫ్ఐఆర్) అడగండి. 2023 నాటి నాగరిక సురక్షా సంహిత (నేర విచారణ విధానాల చట్టం) 173వ సెక్షన్ అందుకు వీలిస్తుంది. ఒంటరిగా వెళ్లకండి.