సితార్ పాఠశాల పెట్టబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కోల్‌కతాలో గురువుగారి దగ్గర శిక్షణ ముగించుకుని వరంగల్‌లో సితార్ పాఠశాల పెట్టబోతున్నావని మీ అమ్మ చెప్పింది. మన ఇంటి పిల్ల అంత సాధించిందన్న గర్వంతో పాటు గుబులు కూడా కలిగి, ఈ ఉత్తరం రాస్తున్నాను.

గదికి చాపలు, శ్రుతికి తాన్‌పురా ఉంటే మొదలుపెట్టడానికి చాలు. పిల్లల వాద్యాలు మహారాష్ట్రలోని మిరజ్‌లో సితార్లు చేసేవారి దగ్గరే తీసుకో. సితార్ అడుగున ఉండే బుర్ర, అదే తుంబా, ఎండిన సొరకాయ కనుక వాటిని సామాన్లతో కలిపి పంపనివ్వకు. తీగ మీటే తొడుగు, మిజ్రాబ్, ఎవరి వేలికి తగ్గది వారికి ఇవ్వు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా దిగులంతా స్వరలిపి, అంటే స్వరాలను కాగితం మీద రాసుకునే పద్ధతి గురించే. నాతో పాటు నేర్చుకున్న ఒక సహాధ్యాయి ఉండేవాడు. మీండ్‌లో తీగను పక్కకు లాగితే ఒకే మెట్టు మీద ఐదు స్వరాలు పలికించగల చెయ్యి అతనిది. పాఠశాల పెట్టాక, పిల్లలు తొందరగా వేదిక ఎక్కాలని తల్లిదండ్రులు ఒత్తిడి చేస్తే కాదనలేక, తాళం లేకుండా రాగాన్ని నెమ్మదిగా విప్పే ఆలాప్ పక్కన పెట్టి, వేగంగా సాగే రజాఖానీ గత్‌లూ (తాళానికి కట్టిన రచనలు), తోడాలూ (వాటి విస్తరణలు) కాగితాల మీద రాసిచ్చి నేర్పాడు. పిల్లలు చివర్లో వచ్చే ఝాలా వేగంగా వాయిస్తే సభలో చప్పట్లు మోగేవి. కొన్నేళ్లకు వాళ్లలో పెద్దవాడు దర్బారీ కానడా రాగం ఎత్తుకుంటే నేను ముందు వరుసలో కూర్చుని విన్నాను. కోమల గాంధారాన్ని, అంటే తగ్గించిన ‘గ’ను, సూటిగా మెట్టు మీద నొక్కి వదిలేశాడు. స్వరలిపిలో కోమల గాంధారానికి అక్షరం కింద ఒక గీత ఉంటుంది. జౌన్‌పురి రాగానికైనా, బాగేశ్రీకైనా, దర్బారీకైనా అదే గీత. దర్బారీలో మాత్రం ఆ స్వరాన్ని మధ్యమం నుంచి దించుకుంటూ, తీగను లాగి పట్టి, నెమ్మదిగా ఊగించాలి. ఆ ఊగు కాగితం మీదకు ఎక్కదు. ఆ కుర్రవాడి తప్పేమీ లేదు, అతనికి ఎవరూ వినిపించలేదు. నా సహాధ్యాయి పోయాక, మా గురువుగారు అతనికి మాత్రమే ఇచ్చిన, నెమ్మదిగా సాగే మసీత్‌ఖానీ గత్‌లు నోటు పుస్తకంలో దొరికాయి. ‘దిర్ దా దిర్ దా రా దా దా రా’ అని మీటు అక్షరాలు, బోల్స్, ఉన్నాయి, స్వరాలూ ఉన్నాయి, ఏ స్వరం మీద ఎంతసేపు నిలవాలో చెప్పేవారు లేరు. ఆ పుస్తకం తెరిచినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

అందుకే తల్లీ, ముందు పాడి వినిపించు, వాళ్ల చేత పాడించు, ఆ తరువాతే తీగ ముట్టనివ్వు. సుర్‌బహార్ విదుషి అన్నపూర్ణాదేవి సితార్ చేతికి తీసుకోకుండా పాడుతూనే శిష్యులకు నేర్పేవారు. మైహర్‌లో గురువు అల్లావుద్దీన్ ఖాన్ గారు తన శిష్యుడు నిఖిల్ బెనర్జీకి మరో శిష్యుడు రవిశంకర్ బాణీ నేర్పలేదు. నిఖిల్ గారి స్వభావానికి తగిన బాణీనే తీర్చిదిద్దారు. ఇరవై మందిని ఒకేసారి కూర్చోబెడితే ఎవరి చెయ్యి ఎటు మొగ్గుతుందో నీకెలా తెలుస్తుంది? ఫీజు తక్కువ వచ్చినా సరే, తక్కువమందినే చేర్చుకో.

నీ గురువుగారు ఇంకా వాయిస్తున్నారు కదా, వెళ్లినప్పుడల్లా అనుమతి అడిగి ఆలాప్‌తో సహా మొత్తం రికార్డు చెయ్యి. రాగం, తాళం, తేదీ, ఆ గత్ ఆయనకు ఎవరి దగ్గర నుంచి వచ్చిందో కూడా ఆయన నోటితోనే చెప్పించు. రెండు చోట్ల దాచు. ఆయన సరేననకుండా ఒక్క ముక్క కూడా బయటికి ఇవ్వకు.

ఒక విషయంలో మాత్రం కోప్పడక తప్పదు. పనుల హడావుడిలో తెల్లవారుజామున నువ్వు సాధనకు కూర్చోవడం లేదని విన్నాను. కార్యాలయం, ఫీజులు, ప్రచారం ఇవన్నీ చూసుకోవడానికి ఎవరినైనా పెట్టుకోవచ్చు. నీ రియాజ్ నీకు బదులుగా ఎవరూ చెయ్యలేరు. చిన్నప్పుడు తీగలు కోసుకుని వేళ్లు మండుతున్నా లేవకుండా కూర్చున్న పిల్లవి నువ్వు. కచేరీలు వదులుకోకు, పిల్లలు నిన్ను వేదిక మీద వినాలి.

వాద్యాలు కొనడానికి మిరజ్ ఎప్పుడు వెళ్తావో రాయి. నా సితార్‌లో తీగలు ఆనే వంతెన, ఘుర్చ్, మీద గాట్లు పడి నాదం మొద్దుబారింది, దాని పైభాగాన్ని మళ్లీ సానపట్టి జవారీ చేయించాలి. ఇద్దరం కలిసే వెళ్దాం.

నీ మామయ్య